వాన లేని నెలలో ఇంట్లో చినుకులు



డిసెంబరు చివరి వారం, తెల్లవారుజామున నాలుగున్నర అయి ఉంటుంది. దుప్పటి మీద టప్‌మని ఒక చుక్క పడింది. కాసేపటికి నుదుటి మీద ఇంకొకటి. లేచి లైటు వేద్దామంటే కరెంటు లేదు. ఫోను లైటు పైకి వేసి చూస్తే, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు లోపల ఎలా ఉంటుందో మా జింకు రేకుల అడుగు అలా ఉంది. వరసగా నీటి బొట్లు! తలుపు తీసి బయటికి వచ్చి చూశాను. ఆకాశం నిర్మలంగా ఉంది, చుక్కలు కూడా కనిపిస్తున్నాయి. వాన పడి నెల దాటింది.

"రేకుకి చిల్లు పడింది" అన్నారు మా ఆయన. రేకులు వేసే మేస్త్రీని పిలిచాం. పైకెక్కి ఒక్కో మేకూ తట్టి చూశాడు. చిల్లు ఎక్కడా లేదు. ఊరికే దిగడం ఎందుకని నాలుగు మేకుల దగ్గర తారు పూసి, కూలి తీసుకుని వెళ్లాడు. మూడో రోజు తెల్లవారుజామున మళ్లీ చుక్కలు పడ్డాయి.

ఆ చుక్కలు నా మీద పడితే తుడుచుకునేదాన్ని. మంచం పక్క బల్ల మీద మా మామగారి ఇనప్పెట్టె ఉంది. దాని మూత సందులోంచి నీళ్లు దిగాయి. అందులో పెద్దవాళ్ల పెళ్లి ఫోటోలు, పాత రసీదులు, ఇంటిపేర్లున్న కాగితాలు ఉన్నాయి. ఈ దేశంలో ఉన్న మనవాళ్లకి ఆ కాగితాల విలువ వేరే చెప్పక్కర్లేదు.

అదే వారం మాంచెస్టర్ నుంచి మా చిన్నమ్మాయి వైబర్‌లో ఒక ఫోటో పంపింది. పడకగదిలో బీరువా వెనక గోడ. మసి పూసినట్టు నల్లటి మచ్చలు. "అమ్మా, చూడు ఎలా అయిపోయిందో. ఇంటి ఓనరు వచ్చి చూసి, మీరు వంట ఎక్కువ చేస్తారు, అందుకే అన్నాడు. పిల్లాడు రాత్రంతా దగ్గుతున్నాడు. నాకేమీ పాలుపోవడం లేదు" అంది.

ఇక్కడ రేకులకి, అక్కడ గోడకి. నాకు మొదట ఇవి రెండు వేరు గొడవలనిపించాయి. నలుగురినీ అడిగి, చదివి తెలుసుకున్నాక రెండింటికీ జబ్బు ఒకటేనని అర్థమైంది. మన భాషలో దీనికి ఒక మాట ఉంది: నెమ్ము. గోడకి చెమ్మ పడితే నెమ్ము అంటాం, పిల్లాడి రొమ్ము పడిశం పట్టినా నెమ్ము చేసింది అంటాం. పెద్దవాళ్లు ఈ రెండింటికీ ఒకే మాట ఊరికే వాడలేదేమో అనిపించింది.

చెంబుకి పట్టే చెమట

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా బల్ల మీద పెడితే పైన నీళ్లు పడతాయి. సీసా కారలేదు కదా, మరి ఆ నీళ్లు ఎక్కడివి? గాలిలోవి. గాలిలో ఆవిరి ఎప్పుడూ ఉంటుంది. గాలి వెచ్చగా ఉంటే ఎక్కువ ఆవిరిని మోస్తుంది, చల్లబడితే మోయలేక కింద పెట్టేస్తుంది.

లెక్కలో చెబితే ఇలా ఉంటుంది. ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు ఎత్తు ఉన్న గాలి 30 డిగ్రీల దగ్గర సుమారు 30 గ్రాముల నీటిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములు. 5 డిగ్రీల దగ్గర 7 గ్రాములకు మించదు. అంటే వెచ్చటి గది గాలి వెళ్లి ఒక చల్లటి వస్తువును తాకిందంటే, మోయలేని నీటిని అక్కడే దింపుకుంటుంది. అది రేకు కావచ్చు, కిటికీ అద్దం కావచ్చు, బయటి గోడ మూల కావచ్చు.

గదిలో 20 డిగ్రీల వెచ్చదనం, 60 శాతం తేమ ఉన్నాయనుకోండి. 12 డిగ్రీలకు దిగిన వస్తువు ఏదైనా సరే చెమట పట్టడం మొదలవుతుంది. నీళ్లు కంటికి కనబడేదాకా బూజు ఆగదు. గోడ దగ్గర గాలి తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే చాలు, అది మొదలైపోతుంది.

మింగళాడోన్‌లో చలా?

ఈ మాట విని టొరంటోలో ఉన్న అక్కలు నవ్వుతారని నాకు తెలుసు. జనవరిలో యాంగూన్ రాత్రులు 17, 18 డిగ్రీల దగ్గర ఉంటాయి, మధ్యాహ్నం 32 దాకా పోతుంది. దాన్ని చలి అంటే మీకు నవ్వే మరి. కానీ రేకు సంగతి వేరు.

ఈ ఊళ్లో ఏడాదికి సుమారు 2,700 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అదంతా దాదాపు మే నుంచి అక్టోబరు లోపలే. ఆ ఆరు నెలలూ గోడలు, నేల, పరుపులు, చెక్క సామాను నీటిని తాగి ఉంటాయి. కార్తీక పౌర్ణమికి, అంటే ఇక్కడి తజాంగ్‌డైంగ్ పండగ నాటికి, ఆకాశం తేటపడుతుంది. మబ్బు లేని రాత్రి ఇంటి పైకప్పు తన వేడినంతా ఆకాశంలోకి వదిలేస్తుంది. పల్చటి జింకు రేకు మరీ తొందరగా చల్లబడి, చుట్టూ ఉన్న గాలి కన్నా కొన్ని డిగ్రీలు కిందికి దిగిపోతుంది. గడ్డి మీద మంచు పడేదీ ఇందుకే. మింగళాడోన్ నగరానికి ఉత్తరం కొస, ఖాళీ జాగా ఎక్కువ, చెట్లెక్కువ, పక్కనే హ్లోగా చెరువు. పొగమంచు పట్టిన ఉదయం విమానాశ్రయం వైపు దీపాలు మసగ్గా కనిపిస్తాయి. అలాంటి రాత్రి రేకు పైన మంచు పడుతుంది, రేకు అడుగున మన ఊపిరి నీళ్లవుతుంది.

పాత బర్మా చెక్క ఇళ్లలో ఈ బాధ తక్కువ. స్తంభాల మీద ఎత్తుగా కట్టేవారు, పలకల మధ్య సందులుండేవి, చూరు కింద గాలి ఆడేది. మనం సిమెంటు గోడలు కట్టి, దోమలకి భయపడి సందులన్నీ మూసి, పైన మాత్రం అదే రేకు వేసుకున్నాం. ఆవిరికి దారి లేకుండా పోయింది. అరకు, పాడేరు వైపు రేకుల ఇళ్లలో ఉన్న మన బంధువులకి కూడా చలికాలం ఇదే అనుభవం.

ఇంట్లో ఎన్ని బిందెల నీళ్లు పోస్తున్నాం?

"బయట వాన లేదు కదా, ఇంత నీరు ఎక్కడిది?" అని నేనూ అనుకున్నాను. లెక్క వేస్తే తెలిసింది. పోస్తున్నది మనమే.

ఒక మనిషి రాత్రంతా నిద్రలో ఊపిరితో, చెమటతో గ్లాసు నుంచి గ్లాసున్నర నీటిని గాలిలోకి వదులుతాడు. ఒక గదిలో నలుగురు పడుకుంటే పొద్దుటికి లీటరు పైనే. యంత్రంలో పిండిన ఒక వాయి బట్టలు గదిలో ఆరేస్తే ఇంకో రెండు లీటర్ల దాకా పోతాయి. వంట గ్యాసు సంగతి నాకు ఇప్పటిదాకా తెలియదు. ఒక కిలో గ్యాసు మండితే ఆ మంటలోంచే సుమారు కిలోన్నర నీటి ఆవిరి పుడుతుంది. దాని మీద పెట్టిన అన్నం ఆవిరి, పప్పు ఆవిరి వేరే. స్నానం, తడిగుడ్డతో తుడిచిన నేల, మూల పెట్టిన తడి గొడుగు అన్నీ ఇందులోకే వస్తాయి.

అందుకని చలికాలపు చెమ్మకి ముందు చూడాల్సింది బయటి వానని కాదు, లోపలి ఆవిరిని. అది పుట్టిన చోటే పట్టుకుని బయటికి పంపేస్తే సగం పని అయినట్టే.

అయితే గోడ నిజంగా బయటి నుంచి నీరు తాగుతోందా, గది ఆవిరే గోడకి పడుతోందా అని తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకి ఆనించి, నాలుగు వైపులా టేపు అంటించండి. రెండు రోజులాగి చూడండి. కాగితం మీద, గది వైపున చెమట పట్టి ఉంటే అది గది ఆవిరి. కాగితం వెనక, గోడ వైపున తడి ఉంటే నీళ్లు గోడలోంచే వస్తున్నాయి. అలాంటప్పుడు పగిలిన పైపు, కారే సన్‌షేడు, నేల నుంచి ఎక్కే చెమ్మ, ఏదో ఒకటి ఉంటుంది. దానికి మేస్త్రీయే కావాలి, కిటికీలు తెరిస్తే సరిపోదు. మా గోడకి రెండు వైపులా తడి వచ్చింది. వానాకాలం తాగిన నీళ్లు ఇంకా లోపల ఉన్నాయన్నమాట.

మేం ఏం మార్చుకున్నాం

ఇక్కడ కరెంటు వచ్చినప్పుడే వస్తుంది. తేమ లాగే మిషను కొనుక్కున్నా అది రోజంతా ఆడదు. కాబట్టి మిషను లేకుండా చేసినవే చెబుతాను.

మొదటిది, కిటికీల వేళ. ఇదివరకు అలవాటు కొద్దీ తెల్లవారుతూనే కిటికీలన్నీ తెరిచేదాన్ని. పొగమంచు వేళ బయటి గాలి కూడా నిండా తేమతోనే ఉంటుంది. ఇప్పుడు పదింటి దాకా ఆగి, మంచు విడిచాక, ఎదురెదురు కిటికీలు రెండూ తెరుస్తున్నాను. జనవరి మధ్యాహ్నం గాలి తేమ సగం దాకా దిగుతుంది. పది నుంచి నాలుగు దాకా ఇంటికి అదే మందు. పొద్దు వాలేసరికి కింది కిటికీలు మూసి, చూరు కింద వెంటిలేటర్లు మాత్రం దోమతెర కొట్టి రాత్రంతా తెరిచే ఉంచుతున్నాం. ఆవిరి పైకి పోతుంది కాబట్టి దారి పైనే ఉండాలి.

రెండోది, తెల్లవారుజాము వంట. మా ఆయన డ్యూటీకి నాలుగింటికే అన్నం వండేదాన్ని. రేకు బాగా చల్లబడి ఉండేది సరిగ్గా ఆ వేళకే! ఇప్పుడు వంటింటి తలుపు మూసి, బయటి వైపు కిటికీ తెరిచి, గిన్నెల మీద మూతలు పెట్టి వండుతున్నాను. ఆవిరి పడకగదిలోకి రాదు, గ్యాసూ కలిసొస్తుంది.

మూడోది, బట్టలు. రాత్రి పూట గదిలో దండెం కట్టడం మానేశాం. మధ్యాహ్నం ఎండలో ఆరేసి, నాలుగు దాటకుండా తీసేస్తున్నాం. ఆలస్యమైతే మంచు పడి మళ్లీ మెత్తబడతాయి.

నాలుగోది, రేకు. నిజం చెప్పాలంటే కిటికీలూ వెంటిలేటర్లూ తెరిస్తే చుక్కలు తగ్గాయి కానీ ఆగలేదు. బాగా మంచు పడే రాత్రి బయటి గాలిలోని తేమే రేకు అడుగున పడుతుంది. ఆపాలంటే వెచ్చటి గాలి రేకును తాకకుండా అడ్డం ఉండాలి. రేకు కింద వెండి రంగు పూత ఉన్న ఫోము షీటు పరిపించాం. డబ్బులకి చూసుకుని ముందు పడకగది వరకే వేయించాం. సీలింగు వేయించుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. సీలింగుకీ రేకుకీ మధ్య ఖాళీలో కూడా గాలి ఆడాలి. త్రికోణం గోడల్లో జాలీలు పెట్టించండి, లేకపోతే చుక్కలు సీలింగు మీద పడి మరకలు కడతాయి.

ఐదోది, గోడ. దీపావళికీ తజాంగ్‌డైంగ్‌కీ ఇల్లు కళగా ఉండాలని వానలు ఆగీ ఆగకముందే రంగులు వేయించడం మన అలవాటు. తడి గోడ మీద ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలి నీళ్లు బయటికి రాలేక బుడగలు లేచి పెచ్చులు ఊడుతుంది. జనవరి, ఫిబ్రవరి దాకా గోడ ఆరనిచ్చి అప్పుడు వేయించండి. లోపలి గోడలకి మన పాత సున్నమే మేలు. సున్నం గోడని ఊపిరి పీల్చుకోనిస్తుంది, దాని ఘాటుకి బూజు తొందరగా పట్టదు.

వానాకాలం పద్ధతి వేరు, చలిదేశం పద్ధతి వేరు

మా అమ్మాయి చేసిన పొరపాటు నిజానికి నేను నేర్పిందే. "వాన పడుతుంటే కిటికీలు మూసెయ్, తేమ లోపలికి వస్తుంది" అని చిన్నప్పటి నుంచీ చెప్పాను. యాంగూన్ జూలైకి అది సరే. అప్పుడు బయటి గాలే ఒక ఘనపు మీటరుకి ఇరవై గ్రాములకు పైగా నీళ్లు మోస్తుంటుంది. కిటికీ తెరిస్తే ఆరేదేమీ ఉండదు.

మాంచెస్టర్ డిసెంబరులో అదే సలహా తలకిందులవుతుంది. బయట 5 డిగ్రీలు, సన్నగా వాన. గాలి నిండా తేమ ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ ఆ చల్లటి గాలి మోసేదే మొత్తం ఆరేడు గ్రాములు. అది గదిలోకి వచ్చి 20 డిగ్రీలకి వేడెక్కిందంటే దాని తేమ నలభై శాతం లోపే ఉంటుంది. అంటే పొడిగాలి. వాన పడుతున్నా సరే, చలిదేశంలో కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది.

మా అమ్మాయి నమ్మలేదు. "అమ్మా, హీటరు బిల్లు ఎవరు కడతారు?" అంది. అదీ నిజమే. అందుకే రోజంతా సందు తెరిచి ఉంచొద్దు. పొద్దున ఒకసారి, వంటయ్యాక ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి, ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి మూసేయాలి. గాలి మారుతుంది కానీ గోడలు చల్లబడవు. జర్మనీలో దీనికి స్టోస్‌లుఫ్టెన్ అని పేరే ఉంది. అక్కడున్న మన అమ్మాయిలకి ఇది అలవాటైన మాటే.

చలిదేశాల్లో ఉన్నవాళ్లు ఇంకొన్ని చూసుకోవాలి.

బీరువా, మంచం తల వైపు బయటి గోడకి ఆనించకండి. బెత్తెడు ఖాళీ ఉంచండి. వెనక గాలి ఆడకపోతే ఆ గోడే ముందుగా నల్లబడుతుంది.

ఒక గది మాత్రమే వెచ్చగా ఉంచి, మిగతావి చల్లగా వదిలేసి, మధ్య తలుపు తెరిచి పెట్టకండి. వెచ్చటి గది ఆవిరంతా వెళ్లి చల్లటి గదిలో దిగుతుంది. అన్ని గదుల్లోనూ కొద్దిపాటి వెచ్చదనం ఉండేలా చూడండి.

బట్టలు ఇంట్లోనే ఆరేయక తప్పకపోతే ఒకే గదిలో, తలుపు మూసి, కిటికీ కొంచెం తెరిచి లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి ఆరేయండి. హీటరు మీద పరవకండి. స్నానం అయ్యాక కూడా ఫ్యాను కాసేపు తిరగనివ్వండి.

పొద్దున్నే కిటికీ అద్దం మీది నీళ్లు పాత తువ్వాలుతో తుడిచి, ఆ తువ్వాలు సింకులో పిండేయండి. గదిలోనే ఆరేస్తే ఆ నీళ్లు మళ్లీ గాలిలోకే వెళతాయి.

కెనడా లాంటి మరీ చలి దేశాల్లో ఉన్నవాళ్లకి ఇంకో తమాషా. అక్కడ ఇంటి గాలి పొడిబారి పెదాలు పగులుతాయి, అందుకని తేమ వదిలే మిషను పెడతారు. బయట మైనస్ ఇరవై ఉన్నప్పుడు లోపల నలభై శాతం తేమ కూడా అద్దాలకి నీళ్లు పట్టించగలదు. అద్దం అంచు తడిసిందంటే మిషను తగ్గించమని అర్థం.

వీలైతే హైగ్రోమీటర్ అనే చిన్న తేమ మీటరు కొనుక్కోండి. అరచేతిలో పడుతుంది. 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే ఇల్లు బాగున్నట్టు. అది సరిగ్గా చూపిస్తోందా అన్న అనుమానం ఉంటే వంటింటి ఉప్పే చెబుతుంది. ఒక సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దలా అయ్యేంత నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా ఉంచండి. పొద్దుటికి 75 శాతం చూపించాలి. 70 చూపిస్తే మీ మీటరు ఐదు తక్కువ చెబుతోందని లెక్క వేసుకోండి.

చేయకూడని పనులు

ఇది అందరూ చదవండి, ఇంట్లో పెద్దవాళ్లకి చదివి వినిపించండి.

గది ఆరాలని, వెచ్చగా ఉండాలని బొగ్గుల కుంపటి లోపల పెట్టి తలుపులు మూయకండి. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. జనరేటరు కూడా అంతే. వసారాలోనో, కిటికీ కిందో పెట్టొద్దు. దూరంగా, బయట పెట్టాలి. పసిపిల్లలకీ బాలింతలకీ కుంపటి పొగ పట్టే ఆచారం ఉన్న ఇళ్లలో ఇది మరీ జాగ్రత్త.

బూజు మీద పొడి చీపురు వేయకండి. దాని పొడి గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మూతికి మాస్కు, చేతికి గ్లవుజులు వేసుకుని, సబ్బు నీళ్లలో తడిపిన గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ పారేయండి. తర్వాత గోడ బాగా ఆరాలి. పిల్లల్ని ఆ వేళ గదిలో ఉంచొద్దు.

బ్లీచింగ్ వాడితే దానిలో టాయిలెట్ కడిగే యాసిడ్ గాని, వెనిగర్ గాని, అమోనియా ఉన్న క్లీనర్ గాని కలపకండి. విషవాయువు పుడుతుంది.

బూజు మీదే రంగు వేసి కప్పేయకండి. కారణం తీరకపోతే కొన్ని వారాల్లో రంగు కిందనుంచే పైకి వస్తుంది.

కలరా ఉండలు పురుగుల్ని ఆపుతాయి కానీ చెమ్మని ఆపవు. తేమ పీల్చే డబ్బాలు బీరువాలోకి, పెట్టెలోకి పనికొస్తాయి. గదంతా ఆరాలంటే వాటి వల్ల కాదు.

"మీ వంట వల్లే" అన్నప్పుడు

మా అమ్మాయి ఆ మాటకి వారం రోజులు బాధపడింది. పోపు వేయడానికి కూడా భయపడింది. వంట చేసే ఇల్లు, పిల్లలున్న ఇల్లు, నలుగురున్న ఇల్లు అంటే ఆవిరి ఉంటుంది. ఆ ఆవిరి పోయే దారి, ఆరే గోడ ఇంటికి ఉండాలి. మన వంతు మనం చేయాలి, నిజమే. కానీ ఎగ్జాస్ట్ ఫ్యాను పనిచేయకపోతే, గోడ బయటి నుంచి నీరు తాగుతుంటే అది మూత పెట్టి వండినంత మాత్రాన పోదు.

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో, మా అమ్మాయి ఊరికి దగ్గరే, 2020 డిసెంబరులో అవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. సూడాన్ నుంచి వచ్చిన కుటుంబం. అద్దె ఇంట్లో బూజు గురించి తండ్రి 2017 నుంచే చెబుతూ వచ్చాడు. పైన రంగు వేసుకోమన్నారు. ఆ కుటుంబం బతికే తీరు వల్లే అనుకున్నారు. ఇంట్లోని బూజుని చాలాకాలం పీల్చడం వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిని బాబు చనిపోయాడని 2022 నవంబరులో కరోనర్ తేల్చారు. ఆ బాబు పేరు మీదే అవాబ్ చట్టం వచ్చింది. 2023లో చేసిన సామాజిక గృహాల చట్టంలో దాన్ని చేర్చారు. 2025 అక్టోబరు 27 నుంచి ఇంగ్లండ్‌లో కౌన్సిలు ఇళ్లకి, హౌసింగ్ అసోసియేషన్ ఇళ్లకి అమల్లోకి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమైతే 24 గంటల్లో సరిచేయాలి. ఆరోగ్యానికి గట్టి ముప్పు తెచ్చే చెమ్మ, బూజు అయితే 10 పనిదినాల్లో వచ్చి పరిశీలించాలి.

ఇంటి చెమ్మకీ, ఉబ్బసానికీ, దగ్గుకీ సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి ఇది ఇల్లాలి శుభ్రతకి సంబంధించిన గొడవ అని ఎవరైనా అంటే తల దించుకోకండి.

మీరు చేయాల్సింది ఇది. తేదీ కనబడేలా ఫోటోలు తీయండి. తేమ మీటరు అంకెలు రోజూ ఒక పుస్తకంలో రాయండి. ఫిర్యాదు నోటితో కాక రాతలో ఇవ్వండి, కాపీ ఉంచుకోండి. పిల్లాడి దగ్గు గురించి డాక్టరుకి చెప్పేటప్పుడు ఇంట్లో బూజు ఉందని కూడా చెప్పండి, ఆ మాట కాగితం మీద పడేలా చూడండి. భాష రాకపోతే తెలిసినవాళ్లని తోడు తీసుకెళ్లండి. ఇంత పని ఎందుకని ఊరుకోకండి.

ఇనప్పెట్టెలో కాగితాలు

మా పెట్టె తెరిచేసరికి పై వరస కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. మా ఆయన కంగారులో లాగబోయారు. పట్టుకుని ఆపాను. తడి కాగితాన్ని లాగితే చిరుగుతుంది. ఫోటోలని లాగితే బొమ్మ ఊడి వస్తుంది.

ఎండలో పెట్టలేదు, ఇస్త్రీ చేయలేదు. నీడన, శుభ్రమైన నూలు తువ్వాళ్ల మీద పరిచి, కరెంటు ఉన్నప్పుడు ఫ్యాను దూరం నుంచి వేశాను. మధ్య మధ్య రాతల్లేని తెల్ల కాగితాలు పెట్టి, తడిసినప్పుడల్లా మార్చాను. న్యూస్ పేపరు వాడకండి, సిరా అంటుతుంది. అంటుకున్న ఫోటోలు రెండు మాత్రం ముట్టుకోకుండా, తెలిసినవాళ్లకి చూపించడానికి పక్కన పెట్టాను. ఆరిన ప్రతి కాగితాన్నీ ఫోనుతో ఫోటో తీసి, ముగ్గురు పిల్లలకీ పంపాను.

1982 పౌరసత్వ చట్టం ప్రకారం నాచురలైజ్డ్ పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాలంటే 1948 జనవరి 4కి ముందు నుంచీ ఈ దేశంలో ఉన్నట్టు రుజువు కావాలి. మన తాతలు రేవులోనో, బియ్యం మిల్లులోనో పనిచేసినప్పటి ఒక రసీదు, ఒక గుర్తింపు కాగితం ఒక మనవడి బతుకుని తేల్చగలదు. 1942లో నడిచి వెళ్లినవాళ్లు, 1960లలో ఓడ ఎక్కి విశాఖకి వెళ్లినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉంటారు. అక్కడి పెట్టెల్లో ఏముందో ఒకసారి చూడండి. బంగారానికి పట్టని చెమ్మ కాగితానికి పడుతుంది.

పెట్టెని నేల మీద గాని, గోడకి ఆనించి గాని పెట్టకండి. కాగితాలు బాగా ఆరాకే ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. తడి లోపల ఉండగా మూస్తే ఇంకా పాడవుతాయి. సిలికా జెల్ పొట్లాలు నాలుగు వేయండి. ఏటా జనవరిలో ఒక మధ్యాహ్నం పెట్టె తెరిచి గాలికి పెట్టండి. మేం భోగి నాడు ఆ పని పెట్టుకున్నాం. పాత సామాను మంటలో వేసే రోజే, పాత కాగితాలు దాచుకునే రోజు కూడా అయింది.

ఇప్పుడు మా పడకగదిలో చుక్కలు పడటం లేదు. వంటింట్లో రేకుకి ఇంకా పడుతున్నాయి, వచ్చే ఏడాది అక్కడా షీటు వేయించాలి. మాంచెస్టర్‌లో మా అమ్మాయి బీరువా జరిపింది, మూడు పూటలా కిటికీలు తెరుస్తోంది, నెల రోజుల అంకెలు పుస్తకంలో రాసి ఓనరుకి ఫోటోలతో ఉత్తరం పెట్టింది. స్నానాల గదిలో ఆడని ఫ్యానుని మార్చారు. బయటి గోడ పగులు ఇంకా బాగు చేయలేదు. మళ్లీ ఉత్తరం రాస్తోంది. పిల్లాడిని మాత్రం పొడిగా ఉన్న గదిలో పడుకోబెడుతోంది.

ఇది చదివాక మీ ఇంట్లో బీరువా ఒక్కసారి ముందుకి జరిపి, వెనక గోడ మీద అరచెయ్యి పెట్టి చూడండి. చల్లగా, తడిగా తగిలితే ఇవాళే మొదలుపెట్టండి. మీ ఊళ్లో, మీ ఇంట్లో పనికొచ్చిన ఉపాయం ఏదైనా ఉంటే గ్రూపులో పెట్టండి. వచ్చే సంచికలో అందరికీ పంచుకుందాం.